తోడల్లుడు ఎక్కిన పారు

రాస్తన్నావా తల్లీ? నిదానంగానే చెప్తాలే.

మా కన్యాకుమారి రేవులో ఎవడి పారు వాడిది. పారంటే సముద్రం అడుగున రాతిగుట్ట. పెద్ద చేప కాపరం చేసేది అక్కడే. అది ఎక్కడుందో కన్నకొడుక్కి కూడా తొందరగా చెప్పం. పడవలోంచి చూస్తే చర్చి మీది సిలువ, కొండ చీలికలో కూచోవాల, లైట్‌హౌసు తాటితోపు అంచుకి రావాల. ఆ రెండూ కలిసిన చోట లంగరు. పొయ్యేటప్పుడైనా తిన్నగా పోం. తూర్పుకి పోయినట్టు పోయి, మిగతా పడవలు కనుమరుగయ్యాక తిప్పుకుంటాం.

మా తోడల్లుడు కురుసుముత్తుకి ఆ గుర్తులు కలపడం ఏనాడూ రాలా. వాడి బుట్టలో ఎప్పుడూ చిల్లర చేపలే. అట్టాంటోడు ఉన్నట్టుండి చేతి పొడుగు కలవ చేపలు దించడం మొదలుపెట్టినాడు. వాడి చుట్టూ జనం మూగితే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు.

"యాడ పట్టినావురా ముత్తూ?" అంటే, "అంతా చర్చి మాత దయ అన్నా" అని పళ్ళికిలించేవాడు.

ఒకనాడు చుట్టూ తిరిగి నా పారు మీదికి పోతే, వాడు ముందే వచ్చి గాలం వేసుకుని కూచోనున్నాడు. పక్కన సెల్‌ఫోను.

"ఈడికెట్టా వచ్చినావురా?"

"ఫోను దారి చూపించింది అన్నా."

"ఫోనుకి ఎవరు చూపించినారు?"

వాడు నవ్వి గాలం సర్దుకున్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ తెరేసాని నిలదీసినా.

"నువ్వు యాడున్నావో నా ఫోనులో చుక్కగా కనపడేటట్టు పెట్టుకున్నా గదా. నేను చర్చికి పోయినప్పుడు చూస్తా ఉండమని చెల్లెలికి కూడా పెట్టించినా."

"చెల్లెలు చూస్తే దాని మొగుడు చూడడా? నా చుక్క ఆగిన చోటల్లా గుర్తు పెట్టుకున్నాడే వాడు!"

"పెట్టుకుంటే ఏం? చేపలేమన్నా నీ పేరు రాసుకుని పుట్టినయ్యా?"

నాకు మిగిలింది మా నాయన చూపించిన పారు ఒక్కటే. ఏడాదికోసారి, చర్చి పండగ ముందురోజున పోతా. అందరికన్నా పెద్ద చేప మాతకిచ్చినోడి పేరు మైకులో చదువుతారు. ఏటా నా పేరే. ఆ పారు గూడా ముత్తుగాడికి చిక్కితే ఇంక మైకులో వాడే.

"ఈసారి ఫోను ఇంట్లో పెట్టి పోతా" అన్నా.

"పెట్టి పో. మా అన్న అట్టాగే పోయినాడు, ఇంకా రాలా. చుక్క కనపడకుంటే నేను ముద్ద ముట్టను."

"పోనీ, నీ చెల్లెలికి ఆపు."

"ఎందుకని చెప్పమంటావు? మా ఆయన మీ ఆయన్ని చూసి ఏడస్తన్నాడనా?"

అది వీధిలో పడితే తలెత్తుకోలేను.

పండగ ముందురోజు ఫోను జేబులోనే ఉంది. చర్చి సిలువ, కొండ చీలిక దగ్గరికి వస్తా ఉంది. ఇంకొంచెం పోతే నాయన పారే. నా బుట్టలో పడబోయే కలవ కళ్ళముందే ఆడింది. దాని వెనకే మైకు ముందర ముత్తుగాడి మొహం కూడా ఆడింది. చుక్కాని తిప్పేసినా.

చేపపిల్ల కూడా తిరగని ఇసకమేట మీద లంగరేసి, ఎర గుచ్చకుండా గాలం వదిలినా. పొద్దెక్కేసరికి వచ్చినాడు ముత్తుగాడు, ఫోను చూసుకుంటా.

"పెద్ద పారు ఇదేనా అన్నా?"

"నోరు మూసుకుని గాలం వెయ్యరా, చేప బెదురుతది."

సాయంత్రం దాకా ఎండకి మాడినాం ఇద్దరమూ. వాడు ఎర మార్చినప్పుడల్లా నా కడుపు చల్లబడింది.

పండగరోజు మైకులో ఎవడో కుర్రోడి పేరు చదివినారు. వాడి చేప మూరెడు కూడా లేదు. ఇంటికొచ్చి కూచుంటే తెరేసా అన్నం వడ్డిస్తా అడిగింది.

"నీ పేరు రాలేదని దిగులు లేదా?"

"మీ చెల్లెలి మొగుడి పేరు వచ్చిందా?"

"రాలేదు."

"అయితే ఇంకో గరిటె వెయ్యి."