జతలో రెండో ముద్ర

శుక్రవారం పొద్దున పదకొండు గంటలప్పుడు, పరీక్షల కార్యాలయానికి ఇవ్వాల్సిన నలభై ముద్రల్లో మొదటిది సగం కోసి ఉండగా, ముద్రలమ్మ కంప్యూటర్ ఎవరినీ అడక్కుండా తనంతట తాను ఆరిపోయింది. దాన్ని నమ్ముకుని రబ్బరు మీద అక్షరాలు చెక్కుతున్న లేజర్ యంత్రం కూడా ఉన్నచోటే ఆగిపోయింది. కాసేపటికి తెర మళ్ళీ వెలిగి, ‘మీ కోసం కొన్ని మెరుగులు దిద్దుతున్నాం, దయచేసి ఆపకండి’ అని చెప్పింది.

“మిమ్మల్ని ఎవరడిగారండీ?” అంది ముద్రలమ్మ.

ఆవిడకి కోపం వచ్చిందంటే మర్యాద పెరుగుతుంది. మామూలుగా అందర్నీ చనువుగా నువ్వు అనే మనిషి, ఒళ్ళు మండితే మీరు, తమరు అనడం మొదలుపెడుతుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు మీరు అనే మాట చెవిన పడగానే చెప్పులు వెతుక్కుంటారు. పాపం కంప్యూటర్‌కి చెప్పులు లేవు.

ఆ కొట్టు వెడల్పు మనిషి రెండు చేతులు చాపితే సరి. ముందు అద్దాల తలుపు, వెనక గోడకి కొయ్య పిడుల అర, కిటికీ కింద లేజర్ యంత్రం. రబ్బరు ముద్రల పని ఆవిడ నాన్న మొదలుపెట్టాడు. ముద్ర మీద అక్షరం తిరగబడి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది కాబట్టి, ఆ ఇంట్లో పిల్లలకి తిన్నగా చదవడం, తిరగేసి చదవడం రెండూ ఒకేసారి వచ్చాయి. ఒకటో తరగతిలో ముద్రలమ్మ పలక నిండా అక్షరాలన్నీ తిరగేసి రాసి టీచర్ చేత మొట్టికాయ తిని ఏడుస్తూ ఇంటికొస్తే, నాన్న ఆ పలక చూసి మురిసిపోయాడు.

ఆయనవి రెండు గొప్పలు. మొదటిది ఆయన అక్షరాలు. బజారులో దొరికే అక్షరాలతో ముద్ర చేస్తే నాలుగు నెలలకే వంపుల్లో సిరా కూరుకుపోయి, ఏ అక్షరం చూసినా ఒకటే నల్లటి చుక్కలా పడుతుంది. ఆయన పన్నెండేళ్ళు కూర్చుని, ప్రతి అక్షరం లోపల సిరాకి చోటు వదిలి, చేత్తో ఒక వరస గీశాడు. పోయేముందు రెండేళ్ళపాటు కూతురి పక్కన కూర్చుని వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. రెండో గొప్ప ఒక పద్ధతి. ఎవరైనా ‘ఆమోదించడమైనది’ అనే ముద్ర చేయించుకుంటే, దానికి జతగా ‘తిరస్కరించడమైనది’ అనేది కూడా చేసి ఊరికే ఇచ్చేవాడు. ఎందుకని అడిగితే, “సరే అనే ముద్ర ఒక్కటే చేతికిస్తే ఆ బల్ల ముందు కూర్చున్నవాడు మనిషి కాదమ్మా, బొమ్మ” అనేవాడు. పరీక్షల కార్యాలయం ఇరవై అడిగితే ముద్రలమ్మ నలభై కోస్తున్నది అందుకే.

మెరుగులు దిద్దడం పూర్తయ్యేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ తర్వాత కంప్యూటర్ తెరుచుకోలేదు. పేరు అడిగింది, ఫోన్ నంబరు అడిగింది, ఖాతా తెరవమంది. మీ ఫైళ్ళన్నీ ఇకనుంచి మా దగ్గర భద్రంగా ఉంటాయంది. అడుగున సన్నటి అక్షరాల్లో, ఈ కంప్యూటర్ పాతబడిపోయింది, కొత్తది కొనుక్కోవడం మీకే మంచిదని కూడా సెలవిచ్చింది. దాని కింద రెండే మీటలు. ఒకటి ‘అంగీకరిస్తున్నాను’. రెండోది ‘తర్వాత గుర్తు చేయండి’.

ముద్రలమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ తెరంతా వెతికింది. వద్దు అనే మీట ఎక్కడా లేదు. రెండోదాన్ని నొక్కితే ఒక చక్రం తిరిగి మళ్ళీ అదే పేజీ వచ్చింది. నాలుగోసారి అదే పేజీ వచ్చేసరికి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కంప్యూటర్ తనది, కరెంటు తనది, లోపల ఉన్నవి తన నాన్న చేతి అక్షరాలు. వాటిని చూడాలంటే ఎక్కడో కూర్చున్న కంపెనీకి తను సరే అనాలట. కాదనడానికి వీలే లేదట. ఇలాంటి అన్యాయం ఇంకెక్కడైనా ఉంటుందా?

ముద్రలు మంగళవారం పొద్దున్నే ఇవ్వాలి. గత్యంతరం లేక బావకి ఫోన్ చేసింది.

బావ అంటే అక్క మొగుడు. రెండు వీధుల అవతల కంప్యూటర్లు అమ్ముతాడు. మనిషి మంచివాడే, కానీ నోరు తెరిచాడంటే అరచేతిలో వైకుంఠం చూపిస్తాడు. వచ్చి, తెర చూసి, నాలుక చప్పరించాడు.

“ఎప్పట్నుంచో చెప్తున్నా మరదలా, ఇది పోయే కాలం వచ్చిందని. కొత్తది తీసుకో. సోమవారం పొద్దున్నే తెచ్చి పెట్టేస్తా.”

“దీనికేమైంది బావా? నిన్నటిదాకా శుభ్రంగా పనిచేసిందిగా.”

“పనిచేస్తే సరిపోదు. కంపెనీవాళ్ళు ఇక దీన్ని పట్టించుకోరు. ఆ లేజర్ యంత్రం కూడా మార్చాలి. కొత్త సిస్టమ్‌కి అదెవరో తెలీదు.”

“అది నిక్షేపంగా ఉంది బావా!”

“ఉంటే ఉంది. రోజులు మారాయి.” జేబులోంచి పల్చటి కాగితం మీద వేయించుకొచ్చిన కొటేషన్ తీసి బల్ల మీద పరిచాడు. వస్తూ వస్తూనే తెచ్చాడంటే, ఫోన్‌లో సగం మాట వినగానే ప్రింటు తీశాడన్నమాట. “ఇక్కడ సంతకం పెట్టు.”

“మరి నాన్న అక్షరాలు?”

“అవి వస్తే వస్తాయి, లేకపోతే లేదు. కొత్తదాన్లో వందల రకాల అక్షరాలుంటాయి. మామయ్యగారు ఉంటే ఆయనే వాటిని చూసి సంబరపడేవారు.”

ముద్రలమ్మ కొటేషన్‌ని మడిచి బల్ల చివరికి జరిపింది. తర్వాత, “తమరు వెళ్ళిరండి బావగారూ, నేను ఆలోచించుకుని చెప్తాను” అంది.

బావ చెప్పులేసుకున్నాడు. కొటేషన్ మాత్రం బల్ల మీదే వదిలేశాడు.

ఆయన అటు వెళ్ళగానే లైబ్రేరియన్ గారు వచ్చారు. ఇంకో ఏడాదిలో పదవీ విరమణ చేయబోయే పొడుగాటి ఆవిడ. పుస్తకాల మీద తేదీ వేసే ముద్ర చక్రాలు అరిగిపోతే బాగుచేయించుకోవడానికి ఇచ్చారు. ముద్రలమ్మ మొహం చూసి, తెర చూసి, అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“మా లైబ్రరీలో పన్నెండు కంప్యూటర్లకి ఇదే జబ్బమ్మా. అన్నీ పారేసి కొత్తవి కొనమన్నారు. నేను కొననన్నాను” అంటూ హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి గుత్తి తీశారు. దానికో చిన్న పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. “ఒకసారి దీన్ని పెట్టి చూద్దామా? ఇందులో వేరే సిస్టమ్ ఉంది. నీ దాన్ని చెరపదు, పక్కనుంచి లోపలికి తొంగి చూస్తుంది.”

అయిదు నిమిషాల్లో సాదా బూడిదరంగు తెర వచ్చింది. ఖాతా అడగలేదు, ఫోన్ నంబరు అడగలేదు. లైబ్రేరియన్ గారు ఒక బొమ్మ మీద నొక్కితే ఫోల్డర్ల వరస తెరుచుకుంది. అందులో ‘నాన్న అక్షరాలు’ ఉంది. దాన్లో అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు.

ముద్రలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఊరుకో, అన్నీ దొరికాయిగా” అన్నారు లైబ్రేరియన్ గారు.

“అందుకు కాదు మేడమ్. పొద్దున్నుంచీ ఇవి ఇక్కడే ఉన్నాయి! నా ఇంట్లో, నా పెట్టెలోనే ఉన్నాయి! గుమ్మంలో వీడు అడ్డంగా కూర్చుని, ఒప్పుకుంటేనే లోపలికి పంపిస్తానన్నాడు. నేను పిచ్చిదాన్లా నాలుగుసార్లు మీట నొక్కుతూ కూర్చున్నా.” ఆవిడ కళ్ళు తుడుచుకుని తెర వైపు చూపించింది. “ఇంతకీ ఈ సిస్టమ్ ఎవరిది?”

“ఏ ఒక్కరిదీ కాదు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాశారు. ఎలా రాశారో దాచకుండా చూపిస్తారు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకి ఇవ్వచ్చు.”

“ఊరికేనా? దాంతో వాళ్ళకేం ఒరుగుతుంది?”

లైబ్రేరియన్ గారు కొయ్య పిడుల అర వైపు చూసి నవ్వారు. “మీ నాన్న రెండో ముద్ర ఊరికే ఎందుకిచ్చేవాడో, వీళ్ళూ అందుకేనేమో.”

ఆ సాయంత్రమే నాన్న అక్షరాల్ని వేరేగా దాచిపెట్టి, పాతదాన్ని తీసేసి కొత్త సిస్టమ్ ఎక్కించారు. అంతటితో కష్టాలు తీరిపోయాయనుకుంటే పొరపాటే. శనివారం మధ్యాహ్నందాకా లేజర్ యంత్రం ఉలకలేదు, పలకలేదు. లైబ్రేరియన్ గారు ఇంటర్నెట్‌లో గాలించగా, ఏ దేశంవాడో చెప్పుల అట్టలు కోసుకునే ఒకాయనకి సరిగ్గా ఇదే యంత్రం ఉందని తేలింది. తను ఏమేం చేశాడో వరసగా రాసి పెట్టాడు మహానుభావుడు. ఆ రాసినదాన్ని ముందు పెట్టుకుని ముద్రలమ్మ ఒక్కో అడుగే వేసింది. మూడింటికి యంత్రం ఒళ్ళు విరుచుకుని కదిలింది. శనివారం మిగిలిన పూటంతా, ఆదివారమంతా కోసి, నలభైకీ పిడులు అంటించింది. ఒక్కో రబ్బరూ వెలుతురులో పెట్టి చూసింది. అక్షరాలు చక్కగా, స్పష్టంగా ఉన్నాయి. సిరా అద్ది చూడటం మాత్రం పిడి జిగురు ఆరాకే. అది నాన్న కాలం నుంచీ ఉన్న వరస.

సోమవారం పొద్దున్నే బావ రెండు అట్టపెట్టెలతో దిగాడు.

“కొంటానో కొననో నువ్వు అడగనైనా లేదు, తెచ్చేశారా?” అంది ముద్రలమ్మ. ఏకవచనంలో మొదలైన మాట బహువచనంలో తేలింది.

“రేపు నువ్వు ఇబ్బంది పడకూడదని” అంటూ బావ బల్ల మీద వరసగా ఉన్న ముద్రల్లోంచి ఒకటి తీసి, సిరా మెత్త మీద అద్ది, ఒక చిత్తు కాగితం మీద వేశాడు. చూశాడు. తల పక్కకి వంచి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

కాగితం మీద ‘ఆమోదించడమైనది’ తిరగబడి పడింది.

ముద్రలమ్మ గబగబా ఇంకోటి వేసింది, మరోటి వేసింది. నలభైకి నలభై అంతే. అక్షరాల్ని తిరగేసే పని పాత ప్రోగ్రామ్ తనే చూసుకునేది. కొత్తదాంట్లో ‘తిరగేయి’ అనే గడిలో మనమే టిక్కు పెట్టాలి. ఆవిడ పెట్టలేదు. వేరే ఎవరైనా అయితే రబ్బరు చూడగానే పట్టేసేవాళ్ళు. కానీ ఈవిడ కళ్ళకి తిన్నగా ఉన్నా ఒకటే, తిరగబడి ఉన్నా ఒకటే. రెండూ సాఫీగా చదివేసి, బాగున్నాయనుకుని మురిసిపోయింది.

“ఊరికే వచ్చింది కదా అని ఎక్కించుకుంటే ఇలాగే ఉంటుంది మరదలా. రెండు రోజుల పని బూడిదపాలు. ఇప్పటికైనా పంతం మానెయ్” అని బావ పెన్ను మూత తీసి అందించాడు.

ముద్రలమ్మకి మొహం చెల్లలేదు. నలభై ముద్రలు. రేపు పొద్దున్నే గడువు. పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా. సంతకం పెడితే ఈ పూటకి గండం గడుస్తుంది. కొత్త కంప్యూటర్, కొత్త యంత్రం, వందల రకాల సిరా తాగే అక్షరాలు. మళ్ళీ ఏ శుక్రవారమో పొద్దున్నే ఆ తెర తనంతట తాను ఆరిపోతుంది. అప్పుడు కూడా రెండే మీటలుంటాయి.

పెన్ను బల్ల మీద పెట్టేసింది.

“బావగారూ, ఇది నా తప్పు. ఇందులో దాపరికం లేదు. ఎక్కడ తప్పానో నాకు కనిపిస్తోంది, ఆ గడి నా ఎదుటే ఉంది, ఒక్క టిక్కుతో దిద్దుకుంటాను. ఇవాళ పగలూ రాత్రీ కోస్తే నలభై అవుతాయి, రబ్బరూ పిడులూ ఉన్నాయి. శుక్రవారం నాటిది నా తప్పా? నా పని మధ్యలో వచ్చి చెడగొట్టారు. దిద్దుకోనిచ్చారా? అడగనిచ్చారా? వద్దు అననిచ్చారా? నా కొట్టులో నన్నే బొమ్మని చేసి కూర్చోబెట్టారు. ఆ కంపెనీవాళ్ళకి ఎలాగూ సిగ్గులేదు. మా నాన్న అక్షరాలు పోతే పోనీ అనడానికి తమరికి నోరెలా వచ్చిందండీ? ఆయన చేసిచ్చిన ముద్రే కదా ఇవాళ్టికీ మీ షాపు రసీదుల మీద పడేది? ఒక్క అక్షరమైనా పూడుకుపోయిందా?”

బావ నవ్వు ఆగిపోయింది. అట్టపెట్టె మీద దుమ్ము దులిపాడు.

ముద్రలమ్మ వరసలోంచి ఒక ముద్ర ఏరి తీసింది. సిరా మెత్త మీద బాగా అద్ది, కొటేషన్ మధ్యలో గట్టిగా నొక్కింది. బావ ఆ తిరగబడ్డ అక్షరాల్ని చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ ఆ పల్చటి కాగితాన్ని వెనక్కి తిప్పి, ఎండ పడుతున్న తలుపు అద్దానికి ఆనించింది. వెనకనుంచి అక్షరాలు తిన్నగా, స్పష్టంగా కనిపించాయి. ‘తిరస్కరించడమైనది’.

కాగితాన్నీ, దాంతోపాటు ఆ ముద్రనీ బావ చేతిలో పెట్టింది.

“ఇదెందుకు నాకు?” అన్నాడు బావ.

“జతలో రెండోది. మొదటిది, ఆ ‘అంగీకరిస్తున్నాను’, మీరమ్మే ప్రతి పెట్టెలోనూ ఎలాగూ ఉంది. డబ్బులేం అక్కర్లేదు బావగారూ, మా నాన్న దీన్నెప్పుడూ ఊరికే ఇచ్చేవాడు” అని చెప్పి, ‘తిరగేయి’ అన్న గడిలో టిక్కు పెట్టి, ముద్రలమ్మ కొత్త రబ్బరు పలకని యంత్రంలోకి జరిపింది.