మూడో అంతస్తు పిలుపు

ఖాళీ లిఫ్టును నాలుగో అంతస్తు దాకా తీసుకెళ్లి, ఇనుప గేటు లాగి, ఎవరూ లేని వరండాను ఓసారి చూసి, మళ్లీ గేటు వేశాడు లిఫ్టు మనిషి. గేటు పూర్తిగా పడితే తప్ప ఆ ముసలి లిఫ్టు అంగుళం కదలదు. ఎక్కేవాళ్లు లేకపోయినా తిప్పుతూనే ఉండాలట, లేకపోతే తుప్పు పడుతుందట. కొత్త యజమాని తాలూకు మేనేజరు ఆజ్ఞ అది. తుప్పు సంగతేమోగానీ మనిషికి పిచ్చి పట్టేలా ఉంది.

"పాత పేటకు కొత్త ఊపిరి" అని వీధి మొగలో పెద్ద బోర్డు పెట్టారు. ఊపిరి పోసేవాళ్లు ముందుగా చేసిన పని, అక్కడ ఊపిరి పీల్చేవాళ్లను బయటికి గెంటడం. చెప్పులు కుట్టే కొట్టు పోయి కాఫీ దుకాణం వచ్చింది. దాని గోడకి పాత చెప్పులు వేలాడదీశారు, అందంగా ఉన్నాయట. ఈ మేడ హోటలవుతుంది. ఖాళీ చేయించడానికి సాయపడింది లిఫ్టు మనిషే. ఎవరి దగ్గర అద్దె కాగితం లేదో, ఎవరు గట్టిగా కసిరితే కాళ్లబేరానికి వస్తారో, ఒక టీ తాగేలోపు మేనేజరుకి పూసగుచ్చినట్టు చెప్పేశాడు. బదులుగా తన స్టూలు తనకే ఉండేలా మాట తీసుకున్నాడు.

ఆ సంగతి పొక్కిన రోజు నుంచీ మేడలో ఒక్కరూ లిఫ్టు ఎక్కలేదు. మంచాలు, బీరువాలు, పసిపిల్లలు అన్నీ మెట్ల మీదే దిగాయి. రెండో అంతస్తు పంతులమ్మ అయితే గేటు సందులోంచి ఉమ్మేసి మరీ దిగింది. "దిగండి, దిగండి, మోకాళ్లు అరగనీ" అని మొహం తుడుచుకున్నాడు. అవన్నీ పడ్డాడు. పడలేనిది మూడో అంతస్తులో ఉండే వదిన మౌనం. అన్న పోయాక కూడా తనను వదిలెయ్యకుండా, ఊరివాళ్ల బట్టలు కుట్టి పెంచి, పాత యజమాని కాళ్లావేళ్లా పడి ఈ స్టూలు ఇప్పించింది ఆవిడే. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగుతో గేటు మీద టకటకమని కొట్టి లిఫ్టును పిలిచేది. అది వినపడితే చాలు, వెళ్లి సరిగ్గా గడపకు సమంగా ఆపేవాడు. సంగతి పొక్కాక మాత్రం ఆవిడ ఆయాసపడుతూ మెట్లే ఎక్కింది. ఈ రోజు ఆవిడా వెళ్లిపోతోంది. తిట్టడానికైనా సరే, ఒక్కసారి తన లిఫ్టు ఎక్కాలి. అతనికి కావలసింది అంతే.

మధ్యాహ్నం టకటకమంది.

ఆదరాబాదరాగా పైకి వెళ్లాడు. లిఫ్టు గడప కన్నా జానెడు కిందే ఆగింది. వదిన కుట్టుమిషను పక్కన నిలబడి ఉంది.

"ఆపడం కూడా మర్చిపోయావా?"

సరిచేసి, మిషను లోపలికి లాక్కున్నాడు. "నువ్వూ ఎక్కు వదినా."

"మిషనుకి సిగ్గు లేదు, ఎక్కుతుంది. నాకుంది."

"పేట ఎలాగూ పోయేదే. నేను నోరు మూసుకుంటే ఆగేదా?"

"ఆగేది కాదు. నువ్వు నాకు మిగిలేవాడివి."

ఆవిడ మెట్లవైపు తిరిగింది. అతను గేటు దభాలున వేశాడు.

కిందికొచ్చి మిషను బయట పెట్టి కూర్చున్నాడు. ఒళ్లు మండిపోతోంది. పైనుంచి టక్ మంది. ఒక్కసారే, అదీ మెల్లిగా.

"ఒక్క అంతస్తు దిగేసరికే సిగ్గు అరిగిపోయిందా?" అని గొణిగాడు. ఇన్నాళ్లు ఏడిపించింది కదా, కాసేపు నిలబడనీ. ఇంకోసారి పిలవనీ. సిగరెట్టు వెలిగించి చివరిదాకా కాల్చాడు. మళ్లీ పిలుపు రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడూ రాలేదు. అప్పుడు గేటు వేసి లిఫ్టును పైకి పోనిచ్చాడు.

రెండో అంతస్తులో ఆవిడ గేటుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒక చెయ్యి ఊచల్లోంచి లోపలికి వేలాడుతోంది. ఇంకా వెచ్చగానే ఉంది, ఊపిరి మాత్రం లేదు. "వదినా, వచ్చాను" అన్నాడు. ఆ మాట ఆవిడ వినలేదు.

కేకలకి మేనేజరు పరుగెత్తుకొచ్చి, చూసి, గడియారం చూసుకున్నాడు. "కాసేపట్లో పెద్దవాళ్లు మేడ చూడ్డానికొస్తున్నారు. మెట్ల మీద వద్దు. లిఫ్టులో దించెయ్, త్వరగా."

వదినను ఎత్తుకుని లిఫ్టులోకి తెచ్చి, తన స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక చేత్తో పొదివి పట్టుకున్నాడు. రెండో చేత్తో గేటు లాగాడు. పడలేదు. మళ్లీ లాగాడు. బయటినుంచి మేనేజరు కూడా తోశాడు. "ఏమైంది దీనికి?" అని విసుక్కున్నాడు.

లిఫ్టు మనిషి కిందికి చూసి, గేటు మీది చెయ్యి తీసేశాడు. గేటు జారే పట్టాలో, అరిగి సొట్టలు పడ్డ ఇత్తడి తొడుగు అడ్డంగా ఇరుక్కుని ఉంది.