గంట నిలవని సెంటు

నేను ఒక చిన్న గాజు సీసాను. పెద్ద కంపెనీవాళ్లు పన్నెండు వేలకు అమ్మే ఒక సెంటుకు నకలును పాతబస్తీలో ఒక అత్తరు దుకాణంవాళ్లు కలిపి నాలో పోశారు. నా వెల నాలుగు వందలు. నన్ను కొన్న నవనీత ఓ మాల్‌లో ఆ ఖరీదైన సెంటునే అమ్మేది. రోజంతా దాన్ని ఇతరుల మణికట్ల మీద చల్లి, తను మాత్రం నన్ను చల్లుకునేది. వాసనలో దానికి నేనేమీ తీసిపోనని నాకు మహా గర్వం.

ఒకరోజు కౌంటర్లో ఖరీదైన సీసా ఒకటి కనబడలేదు. నవనీత అప్పుడే అన్నం తిని, నన్ను చల్లుకుని వచ్చింది. మేనేజరు శశిధర్ ముక్కు ఎగబీల్చాడు.

"నీ దగ్గర అదే వాసనొస్తోంది. బ్యాగు తెరువు."

కొనడానికి వచ్చినవాళ్లంతా చూస్తుండగా నన్ను బయటికి లాగాడు. "ఇందులోకి పోసుకున్నావన్నమాట!"

"లేదు సార్. ఇది నాలుగు వందలది. పాతబస్తీల కొన్న."

ఆయన కౌంటర్లో ఉన్న అసలు సీసానూ నన్నూ వాసన చూశాడు. "రెండూ ఒకటే. పోలీసుల్ని పిలుస్తాను."

ఎన్నాళ్లుగానో నేను ఆశపడ్డ మెప్పు అది. అదే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది.

నవనీత కౌంటర్ మీద వాసన చూపే కాగితం ముక్కలు రెండు తీసి ఆయన ముందు పెట్టింది. "రెండు కాగితాల మీద కొట్టి గంట ఆగండి సార్. అసలుది పొద్దుమూకేదాకా ఉంటది. నాది గంటకే పోతది."

శశిధర్ చెరో కాగితం మీద చెరొకటి కొట్టి, ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. నవనీత నిలబడే ఉంది. ఇరవై నిమిషాలకు రెండు కాగితాలదీ ఒకటే వాసన. నలభైకీ అంతే. ఓడిపోవాలని నేను కోరుకున్నది బతుకులో అదొక్కసారే.

గంటకు, అప్పటిదాకా కదలకుండా చూస్తున్న ఒక పెద్దావిడ ముందుకొచ్చి కాగితాలు ముక్కుకు ఆనించుకుంది. ఏది ఏదో ఆమెకు తెలియదు.

"ఇందులో గంధం గుమ్మంటోంది. దీంట్లో ఏముంది, ఉత్త కాగితం వాసన!"

ఆ ఉత్త కాగితం నాది.

"సరే, పనిలోకి వెళ్లు," అన్నాడు శశిధర్.

నవనీత కదలలేదు. "బ్యాగు అందరి ముందల తెరిపిచ్చిండ్రు సార్. నేను దొంగను గాదన్న మాట గూడ అందరి ముందలనే చెప్పండి."

"నాదే పొరపాటు," అని గొణిగాడాయన.

"వినపడలేదు బాబూ," అంది పెద్దావిడ.

ఆయన మళ్లీ గట్టిగా చెప్పాడు.

తర్వాత నవనీత నన్ను పనికి తీసుకెళ్లలేదు. సెలవురోజుల్లో, ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా, తల దువ్వుకుని నన్ను చల్లుకునేది. అలా తన కోసమే చల్లుకుని నన్ను ఖాళీ చేసింది.