పులవని కండ

యూట్రెక్ట్ ఆసుపత్రిలో పెద్ద స్కానింగ్ యంత్రపు అయస్కాంత గొట్టంలోకి హిస్కేను నడుము దాకా తోశారు. కుడి పిక్క కింద సంకేతాలు పట్టే తీగచుట్ట, పాదానికి పెడల్. కోయకుండా, గుచ్చకుండా కండ లోపల శక్తి ఎలా ఖర్చవుతోందో, పులుపు, అంటే ఆమ్లం, ఎంత చేరుతోందో యంత్రం చూపిస్తుందని పరిశోధకురాలు టెస్సెల్ ముందే చెప్పింది. తొక్కమనగానే తొక్కింది. కాసేపటికే పిక్క రాయిలా బిగుసుకుంది.

ఆ నొప్పి ఆమెకు చిన్నప్పటి చుట్టం. తండ్రి దౌవె ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో ఊరి పిల్లలందరికీ మంచు మీద స్కేటింగ్ నేర్పినవాడు. గడ్డకట్టిన కాలువ మీద అందరూ జారిపోతుంటే హిస్కే గట్టున కూలబడేది. నొప్పీ లేదు గిప్పీ లేదు, ఒళ్లు బద్ధకం అనేవాడు, అందరూ వినేలా. ఒక చలికాలం పందెం చివరిదాకా ఆమెను తరిమాడు. ఆ సాయంత్రం మూత్రం ముదురెరుపుగా వచ్చింది. బీట్‌రూట్ తిని ఉంటావులే అంది తల్లి. హిస్కేకు యాభై దాటాక ఒక కొత్త డాక్టరు రక్తపరీక్ష చూసి అనుమానపడి ఇక్కడికి పంపాడు. కారు తోలుకొచ్చింది తండ్రే.

టెస్సెల్ ఇద్దరినీ కూర్చోబెట్టి తెర మీద గీతలు చూపించింది.

“మామూలు కండ కష్టపడితే పులుస్తుందండీ. మీది పులవలేదు. దాచుకున్న చక్కెరను కరిగించే పదార్థం మీ కండలో పుట్టుకతోనే లేనట్టుంది.”

హిస్కే తలూపింది. ఇలాంటి మాట ఎవరైనా అంటే ఏడుస్తానేమో, తండ్రి వైపు తిరిగి ఏదైనా అడుగుతానేమో అని ఎన్నోసార్లు అనుకుంది. ఏమీ రాలేదు. టెస్సెల్ చేతిమీది కాఫీ మరక మాత్రం కనిపించింది.

ఇంకా గట్టిగా తొక్కితే పులిసేదా అని దౌవె అడిగాడు. ఎంత తొక్కినా అంతేనని, బలవంతం చేస్తే కండే చచ్చి మూత్రంలోకి పోతుందని టెస్సెల్ చెప్పింది.

అతను తెర మీది గీతలకేసి వంగాడు. తర్వాత అన్నాడు: “నన్నూ అందులో పెట్టు అమ్మాయ్. నాదీ చూడు.”

గుండెకు పేస్‌మేకర్ ఉన్న ఆయనలాంటివాళ్లను ఆ గదిలోకే రానివ్వరని టెస్సెల్ మెల్లగా చెప్పింది. అతను ఇంకోసారి అడిగాడు.

కింద క్యాంటీన్‌లో ఇద్దరూ బఠాణీ సూప్ ముందేసుకున్నారు.

“అప్పట్లో చెప్పేదానివి, నొప్పి అని,” అన్నాడు దౌవె.

“చెప్పేదాన్ని.”

“అందరి ముందూ నిన్ను నేను...”

“చల్లారిపోతోంది, తిను నాన్నా.”

ఆ మాటలో కోపం లేదు, జాలీ లేదు. అతను తిన్నాడు.

పై వారం టెస్సెల్ ఫోన్ చేసింది. చక్కెర నీళ్లు తాగితే కండకు సత్తువ వస్తుందేమో మళ్లీ కొలవాలట, వస్తారా అని. హిస్కే సరేనంది. ఆ సాయంత్రమే దౌవె ఫోన్. నేనూ రానా అన్నాడు. రమ్మంది. అతను రావాలని తనకుందో లేదో ఆమెకు తెలియలేదు. ఫోన్ పెట్టేసి అంట్లు కడిగింది.