వకుళ టీచర్ పార్కు తాళం

నేను ఒక ఇత్తడి తాళాన్ని. పుట్టింది అలీగఢ్‌లో. నరసరావుపేటలో ఒక పత్తి గోదాముకు కొన్నేళ్ళు కాపలా కాశాను. అది మూతపడ్డాక వకుళ టీచర్ ఇంటికి చేరాను.

ఆ ఇంటి ఎదుట ఊరి చెత్తంతా పోసే మునిసిపాలిటీ స్థలం ఉండేది. రిటైరయ్యాక టీచర్ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ చెత్త ఎత్తించింది. ఏసోబు అనే కూలీ గుంతలు తవ్వి కానుగ, వేప, నేరేడు మొక్కలు నాటాడు. మొదటి వేసవంతా బిందెలతో నీళ్ళు మోసి బతికించాడు. కొన్నేళ్ళకు నీడ పడింది. గోరింకలు వచ్చాయి, పిచ్చుకలు వచ్చాయి, ఒక ముంగిస కూడా కాపురం పెట్టింది. పిల్లలు ఆడుకున్నారు. ముసలివాళ్ళు నడిచారు.

మధ్యాహ్నాలు పేకాటవాళ్ళు కూడా చేరారు. ఒకరోజు తాగినవాడెవడో గోరింక గూడును కర్రతో పొడిచి పడేశాడు. టీచర్ కిందపడ్డ గోరింక పిల్లల్ని కొంగులో వేసుకుని ఏడ్చింది. మర్నాడే నన్ను పార్కు గేటుకు తగిలించింది. ఎండెక్కగానే మూయాలి, ఎండ తగ్గాక తీయాలి. మనుషులు నీడను ఎండ లేని వేళల్లోనే పంచుకుంటారని నాకు అప్పుడే తెలిసింది.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఏసోబు స్లాబు పని మధ్యలో వదిలి, తూలుతూ వచ్చి గేటు పట్టుకున్నాడు.

"టీచరమ్మా, కళ్ళు తిరుగుతన్నయ్. కాసేపు ఆ కానుగ కింద పడుకుంటా."

ఆమె వరండాలోంచే అంది: "నీకు తీస్తే అందరికీ తీయాలి ఏసోబూ. ఇంటికెళ్ళి పడుకో."

"అంత దూరం నడవలేనమ్మా. కాసిని మంచినీళ్ళన్నా ఇప్పించండి."

"ఉండు, తెస్తున్నా."

లోపల ఫోన్ మోగింది. పత్రికవాళ్ళు పార్కు గురించి రాస్తారట. పక్షులకు తొట్లలో నీళ్ళు ఎలా నింపుతుందో ఆమె ఉత్సాహంగా చెబుతోంది. "ఈ ఎండకి నోరులేని జీవాలు ఎంత అల్లాడిపోతాయో కదండీ!" ఆ గొంతు కిటికీలోంచి రోడ్డు దాకా వినిపించింది. నోరున్నవాడు మరోసారి పిలిచాడు. కూలర్ హోరులో ఆ పిలుపు లోపలికి చేరలేదు. ఇక పిలవకుండా గేటుకు వీపు ఆనించి కూలబడ్డాడు.

సాయంత్రం టీచర్ తాళంచెవితో వచ్చింది. "అయ్యో, నీళ్ళ మాటే మర్చిపోయాను. లే ఏసోబూ, తీస్తున్నా" అంటూ నన్ను విప్పి గేటు నెట్టింది. అతను వెల్లకిలా లోపలికి పడ్డాడు. తల నీడలో, కాళ్ళు రోడ్డు మీద. ఎంత కుదిపినా లేవలేదు.

మట్టి చేసిన మర్నాడు పొద్దున అతని భార్య సువార్తమ్మ వచ్చింది. తిట్టలేదు.

"ఏ చెట్టు కింద పడుకుంటానన్నాడమ్మా?"

టీచర్ వేలితో చూపించింది. సువార్తమ్మ ఆ కానుగ మొదట్లో కూర్చుంది. ఎండెక్కింది. నడవడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. టీచర్ నన్ను చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

సువార్తమ్మే చూసి లేచింది. చీర దులుపుకుంది.

"మూసే ఏళయిందా అమ్మా? పోతన్నా."

టీచర్ ఆమెను పిలవబోయి ఆగింది. ఆమె మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత గేటు దగ్గరికి లాగి నన్ను నొక్కింది. సరిగ్గా పడ్డానో లేదో అని, అలవాటుగా, ఒకసారి లాగి చూసుకుంది.