కళ్ళు పోయి చెవులొచ్చిన ఫోటోలు

ఆ వీధిలో అందరూ ఆమెను కంటి డాక్టరమ్మ అనేవారు. ఆమె మనుషుల కళ్ళు చూసేది కాదు, కెమెరా లెన్సులు చూసేది. భర్తది పాత కెమెరాల దుకాణం. ముందు గదిలో ఆయన కొనేవాడు, అమ్మేవాడు, అద్దెకిచ్చేవాడు. వెనక గదిలో ఆమె బల్ల. ఏ లెన్స్ వచ్చినా ముందు ఆ బల్ల మీదికి రావాలి, ఆమె చేత్తో ఒక కాగితం రాయించుకోవాలి, ఆ తర్వాతే గుమ్మం దాటాలి. ఆ కాగితం మీద దుకాణం ముద్ర పడిందంటే ఇక దానికి తిరుగులేదు.

పని నేర్పింది మామగారు. ఆయన పోయి చాలాకాలమైనా ఆయన పెట్టిన పద్ధతి ఒక్క పిసరు మారలేదు. బల్ల మీద పది దారపు రీళ్ళు ఏటవాలుగా నిలబెట్టాలి, ఒకదాని వెనక ఒకటి, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. కెమెరా స్టాండు మీద బిగించి అయిదో రీలు మీద ఫోకస్ పెట్టాలి. ఎదురుగోడకు చిన్న బల్బుల దండ, దాని చుట్టూ పాత న్యూస్ పేపర్లు. పేపర్ల మూలల్లో అక్షరాలు చదవగలిగితే లెన్స్ అంచులు బాగున్నట్టు. బల్బులు వెనకాల వెన్నపూసలా కరిగి గుండ్రంగా కనిపిస్తే మంచిది. అంచుల్లో కాస్త బాదంపప్పు ఆకారంలోకి సాగినా ఫరవాలేదు, వెడల్పు లెన్సులన్నిటికీ ఆ గుణం ఉంటుంది. మసక వెలుతురులో ఫోకస్ ఒక్క దెబ్బకు దొరుకుతుందా, లేక అటూ ఇటూ వెతుక్కుంటుందా అన్నది ఆఖరి పరీక్ష.

ఇదంతా లెన్స్ నోరు, అంటే వెలుతురు లోపలికి వదిలే రేకులు, పూర్తిగా తెరిచి చెయ్యాలి. "తెరిచినప్పుడే కదమ్మా దాని బండారం బయటపడేది," అనేవారు మామగారు. "నోరు తెరిచి నిలబడిందంటే, ముడిచినప్పుడు ఇంకా బాగుపడుతుందే గాని చెడదు. ముడిచి చూడ్డం టైం దండగ."

ఆమె ఇరవై రెండేళ్ళు టైం దండగ చెయ్యలేదు.

ఒకరోజు పొద్దున్నే టోపీ ఆయన వచ్చాడు. బట్టతల దాచుకోడానికి ఎండలోనూ వానలోనూ టోపీ తియ్యని ఫోటోగ్రాఫరు. వారం కిందట అద్దెకు తీసుకెళ్ళిన ముప్పై ఐదు ఎమ్మెమ్ లెన్స్‌ను బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"డాక్టరమ్మగారూ, మీ రోగిని వెనక్కి తెచ్చాను. దీనికి చెవుడు లేదు గాని గుడ్డితనం ఉంది."

"ఏమైందండీ?"

"ముసలాయన ఫోటో తీశాను, వాళ్ళింట్లో, మీటరు దూరంలో. చెవి మీద వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. కళ్ళు మాత్రం కన్నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. ఆయన కోడలు ఏమందో తెలుసా? మా మామయ్య వినడానికి తప్ప చూడ్డానికి పనికిరాడని మీకెలా తెలిసిందండీ అని!"

ముందు గదిలోంచి భర్త పడీపడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. చెవి వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, కళ్ళు లేవు. ఈ మాటే, ఇంచుమించు ఇదే వరసలో, ఆమె ఇంతకుముందు ఒకసారి విన్నది.

"ఫోకస్ పట్టాక ముందుకు ఊగారేమో," అంది. అది ఆమెకు నోటికొచ్చిన జవాబు.

"స్టాండు మీద పెట్టి తీశానమ్మా. స్టాండు ఊగుతుందా?"

"పూర్తిగా తెరిచే తీశారా?"

"ఇరుకు గదిలో అంత తెరిస్తే ముక్కు తప్ప ఏం మిగలదు. రేకులు కాస్త ముడిచి, రెండు పాయింట్ ఎనిమిది దగ్గర తీశాను. అందరూ అక్కడే తీస్తారు."

ఆమె లెన్స్‌ను కెమెరాకు బిగించి, రీళ్ళు పేర్చింది. పూర్తిగా తెరిచి అయిదో రీలు మీద ఫోకస్ పెట్టి తీసింది. కెమెరా తెర మీద పెద్దది చేసి చూస్తే అయిదో రీలు దారం పోగుపోగుగా కనిపించింది. వెనక బల్బులు వెన్నలా కరిగాయి. అద్భుతమైన లెన్స్. ఫోకస్ ఉంగరాన్ని ముట్టుకోకుండా రేకులు రెండు పాయింట్ ఎనిమిదికి ముడిచి, మళ్ళీ తీసింది.

అయిదో రీలు మసకబారింది. ఆరో రీలు, ఏడో రీలు తళతళలాడుతున్నాయి.

ఇంకోసారి తీసింది. మళ్ళీ ఆరూ ఏడూ. రేకులు ఇంకా ముడిచి ఎనిమిది అంకెకు తెచ్చింది, అప్పుడు పది రీళ్ళూ బాగానే వచ్చాయి. అంటే మరీ తెరిచినా దోషం దొరకదు, మరీ మూసినా దొరకదు. మధ్యలో, అందరూ వాడే చోట, లెన్స్ ఫోకస్‌ను మెల్లగా వెనక్కి జరుపుకుంటోంది. ఫోటోగ్రాఫరు కంటితో చూసేటప్పుడు రేకులు తెరిచే ఉంటాయి, అంతా సరిగ్గానే కనిపిస్తుంది. క్లిక్‌మన్న క్షణంలోనే అవి ముడుచుకుంటాయి. ఆ క్షణంలో ఏం జరిగిందో తీసినవాడికి తెలిసే దారే లేదు.

ఆమె ఒళ్ళు ఝల్లుమంది. ఇరవై రెండేళ్ళలో ఇంత కొత్త సంగతి ఆమె కనిపెట్టలేదు. ఆ వెంటనే లెన్స్ అడుగున ఉన్న నంబరు చూసింది. పాత కాగితాల డబ్బా తెరవక్కర్లేకపోయింది. ఆ నంబరు ఆమెకు గుర్తే. అది చెల్లెలి లెన్స్.

అయిదేళ్ళ కిందట చెల్లెలు కూడా ఫోటోగ్రాఫరే. ఒక ప్రెస్సువాళ్ళు చేతిపనుల వాళ్ళ ముఖాలతో పుస్తకం వేస్తామంటే నలభైమందిని తీసింది. తాళాలు చేసేవాడు, గడియారాలు బాగుచేసే ఆవిడ, దర్జీ, అందరూ వాళ్ళ వాళ్ళ ఇరుకు గదుల్లో, పనిబల్లల దగ్గర. ప్రెస్సు మేనేజరు చూసి పెదవి విరిచాడు. కళ్ళు లేవమ్మా, చెవులున్నాయి అన్నాడు. లెన్స్ దోషమైతే మళ్ళీ తీయిస్తాం, నీ దోషమైతే ఇంకొకర్ని చూసుకుంటాం, మీ అక్కగారి దుకాణం నుంచి కాగితం పట్రా అన్నాడు. చెల్లెలు పరుగున వచ్చింది. అక్క అయిదో రీలు మీద ఫోకస్ పెట్టి, పూర్తిగా తెరిచి చూసి, సొంత చెల్లెలని మొహమాటపడకుండా రాసింది: లెన్స్‌లో ఏ లోపమూ లేదు. తీసేవారు ఫోకస్ పట్టాక ముందుకు ఊగుతున్నారు.

మొహమాటపడనందుకు ఆరోజు ఆమె కాస్త గర్వపడింది కూడా. చెల్లెలు లెన్స్‌ను బావకే ఇచ్చేసి, ఒక పెద్ద హోటల్ లాండ్రీలో చేరింది.

టోపీ ఆయన వెళ్ళాక ఆమె ముందు గదిలోకి వచ్చి భర్తకు తెర చూపించింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, కిందికి దించి, మళ్ళీ ఎత్తి చూశాడు.

"అయితే?"

"అయితే ఏంటండీ? దాని తప్పు కాదు. నేను తప్పు రాశాను. కొత్త కాగితం రాస్తాను, ముద్ర వెయ్యండి."

"వేశాక? ఇన్నేళ్ళలో ఇంకెంతమందికి నీ చెయ్యి ఊగిందని రాశావో వాళ్ళందరూ వరసకట్టరూ? దుకాణానికి తాళమేసుకుని ఇద్దరం ఆ లాండ్రీకే పోదామా?"

"అది నా చెల్లెలండీ."

"నాకు మరదలు కాదా? ఇప్పుడు చెప్పి ఏం ఒరగబెడతావు? ఆ పుస్తకం ఇంకొకడి ఫోటోలతో వచ్చేసింది. పాత పుండు గోకడం తప్ప." గొంతు తగ్గించాడు. "నాన్న పద్ధతి తప్పంటే నలుగురూ నవ్వుతారే. ఆ లెన్స్ అద్దెకివ్వను, పక్కన పడేస్తాను, సరేనా?"

ఆమె సరేననలేదు. ముద్ర లేకుండానే కాగితం రాసుకుని, లెన్స్‌ను సంచిలో వేసుకుని బస్సెక్కింది.

లాండ్రీ హోటల్ వెనకవైపు, నేల కింది గదిలో ఉంది. ఆవిరి, సబ్బు వాసన, పెద్ద యంత్రాల రొద. చెల్లెలు పొడవాటి బల్ల ముందు తెల్ల దుప్పట్లు మడతపెడుతోంది. అక్కను చూసి కనుబొమలు ఎగరేసింది.

"ఏంటక్కా, దారి తప్పావా? బావ బాగున్నాడా?"

"బాగున్నాడు. నీతో ఒక మాట చెప్పాలి."

"చేతులు ఖాళీ లేవు. ఆ కొస పట్టుకుని చెప్పు."

ఆమె దుప్పటి కొస పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి లాగి, సగానికి మడిచి, దగ్గరికొచ్చి, మళ్ళీ దూరం జరుగుతూ ఉంటే ఆమె అంతా చెప్పింది. అయిదో రీలు, ఆరో రీలు, ఏడో రీలు. రేకులు ముడిస్తే ఫోకస్ ఎలా వెనక్కి నడిచిపోతుందో, ఎనిమిది దగ్గర ఎందుకు కనిపించకుండా దాక్కుంటుందో, మామగారు ఎక్కడ పొరబడ్డారో. చెబుతూ చెబుతూ గొంతు హుషారెక్కింది. మూడు దుప్పట్లు అయ్యాయి.

"నువ్వు ఏ అంకె దగ్గర తీశావో నేను అడగనేలేదు కదే," అంది చివరికి.

"నువ్వు అడగలేదు. నేనే చెప్పాను."

"చెప్పావా?"

"మూడుసార్లు. రెండు పాయింట్ ఎనిమిది అక్కా, రెండు పాయింట్ ఎనిమిది అని. నువ్వు లెన్స్‌లోకి చూస్తూ ఊఁ ఊఁ అన్నావు."

ఆమె సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. చెల్లెలు తడిచేతులు పైటకు తుడుచుకుని, వంగి చదివింది. ముట్టుకోలేదు.

"అయితే నేను ఊగనన్నమాట."

"ఊగవు."

"నీకు తెలుసో లేదో, ఆ కాగితం తర్వాత నేను రెండేళ్ళు గోడకు ఆనుకోకుండా నిలబడలేదు. అద్దం ముందు నిలబడి, ముక్కుకు ఎదురుగా వేలు పెట్టుకుని, ఊగుతున్నానా అని చూసుకునేదాన్ని. ఇక్కడి ఆడవాళ్ళు నాకు గడియారం అని పేరు పెట్టారు. చూసుకోగా చూసుకోగా నిజంగానే ఊగడం మొదలుపెట్టా." నవ్వింది. ఆ నవ్వు అక్క చూడలేకపోయింది.

"ఆ నలభై ఫోటోలు ఉన్నాయా? ప్రెస్సు ఆయన దగ్గరికి నేనే వెళ్ళి..."

"చెరిపేశా. నా తప్పు నలభైసార్లు చూసుకోవడమెందుకని."

"లెన్స్ తెచ్చాను. ఇప్పుడు దాని గుణం తెలిసింది కదా. ఫోకస్ పట్టాక కొంచెం వెనక్కి జరిగి తీస్తే చాలు, కళ్ళు అతికినట్టు వస్తాయి. వేలెడు, అంతే. మళ్ళీ మొదలుపెట్టకూడదూ?"

"ఎవర్ని తియ్యను? తాళాల ఆయన పోయాడు. గడియారాలావిడ కొట్టు మూసేసి కొడుకు దగ్గరికి పోయింది." చెల్లెలు ఇంకో దుప్పటి తీసి దులిపింది. అది ఫట్‌మని చప్పుడు చేసింది. "అక్కా, ఒకటడుగుతా, నిజం చెబుతావా?"

"అడుగు."

"నువ్వు నన్ను క్షమించమనడానికి వచ్చావా, నువ్వు కనిపెట్టింది ఎవరికైనా చెప్పుకోవాలని వచ్చావా?"

ఆమె నోరు తెరిచింది. అయ్యో అదేం మాటే అనబోయింది. పొద్దున ఆరో రీలు తళతళలాడినప్పుడు ఒళ్ళు ఝల్లుమన్నది గుర్తొచ్చింది. ఆ ఝల్లుమనడం చెల్లెలు గుర్తుకు రాకముందే మొదలైంది. బస్సులో దారిపొడుగునా కూడా, దుఃఖం కింద ఎక్కడో అది వెచ్చగా ఉంది. ఇంట్లో భర్త నోరు నొక్కేశాడు. వినేవాళ్ళు ఇంకెవరూ లేరు.

"తొందరేం లేదు," అంది చెల్లెలు. "ఈ దుప్పటి అయ్యేదాకా ఆలోచించుకో. ఆ కొస పట్టుకో."

ఆమె పట్టుకుంది. సగానికి మడిచారు. మళ్ళీ సగానికి. ఇద్దరి వేళ్ళూ అంచుల దగ్గర కలిశాయి. చెల్లెలు అక్క ముఖంలోకి చూస్తూ నిలబడింది, ఒక్క పిసరు కూడా ఊగకుండా. ఆమె పెదవులు కదిలాయి గాని వాటి వెనక మాట లేదు.

చెల్లెలు ఆ మడతను ఆమె చేతుల్లోంచి మెల్లగా తీసుకుని, దొంతర మీద పెట్టి, అరచేత్తో సాపు చేసింది. ఇంకో దుప్పటి అందుకుని, దాని కొసను పక్కబల్ల దగ్గరున్న ఆవిడకు అందించింది.