శనివారం పొగ

నీళ్లు తెర్లుతుండగా టేసీ బర్డిక్‌కి గుర్తొచ్చింది, ఈ రోజు శనివారమని.

చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. న్యూపోర్టు ఊరంతా ఆదివారం పాటిస్తుంది. టేసీ ఉండే చిన్న క్రైస్తవ సంఘం వాళ్లు మాత్రం శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం పొద్దు గుంకేదాకా విశ్రాంతి దినం పాటిస్తారు. పొయ్యి రాజెయ్యరు, రొట్టె కాల్చరు. పంతొమ్మిదేళ్లలో ఆమె రొట్టెల కొట్టు పొగగొట్టం శనివారం నాడు ఒక్కసారి కూడా పొగ వదల్లేదు. ఆ సంగతి వీధిలో కుక్కకి కూడా తెలుసు.

ఇప్పుడు వదులుతోంది. డిసెంబరు మంచు మీద, నీలాకాశంలోకి, నిటారుగా.

తప్పు ఆమెదే. రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. తమ్ముడు ఎబెన్ రేవులోని ఇంగ్లీషువాళ్ల ఖైదీల ఓడ మీంచి దూకి, మంచుగడ్డల మధ్య ఈదుకుంటూ వచ్చి, పెరటి గోడ దగ్గర కుప్పకూలాడు. అప్పటి నుంచీ ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటకలాడుతున్నాయి. వేడివేడిగా గంజి పొయ్యాలన్న ఆదుర్దాలో ఆమెకి వారమే గుర్తు లేకుండా పోయింది.

కుండ దించి, నిప్పుల మీద బూడిద కప్పి, కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

ఎదురింటి గుమ్మంలో ఓబెద్ ట్రిప్ నిలబడి ఉన్నాడు. విగ్గులు కుట్టే మనిషి. విగ్గులు పెట్టుకునే పెద్దమనుషులు ఊరొదిలి పారిపోయాక, ఊరిని ఆక్రమించుకున్న ఇంగ్లీషు రాజుగారి దళం చెవిలో గుసగుసలు ఊది బతుకుతున్నాడు. తలెత్తి ఆమె ఇంటికప్పు వైపు చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. లోపలికెళ్లి టోపీ పెట్టుకుని వచ్చి, సిపాయిల బారకాసుల దారి పట్టాడు.

టేసీ కిటికీ మూసింది. అటక నిచ్చెనెక్కి తమ్ముణ్ని కుదిపింది.

"లే. సోదాకొస్తున్నారు."

"ఎవరక్కా చెప్పింది?"

"నేనే చెప్పాను, పొయ్యి రాజేసి. మాట్లాడకు, నడువు."

వాణ్ని దాటించడానికి సాయంత్రం మసక వేళకి పెరటి వెనక రేవుకి పడవ తెస్తానని గుల్లలేరుకునే సైమన్ మాటిచ్చాడు. ఇప్పుడింకా ఒంటిగంట. ఇంట్లో మనిషి పట్టే చోటు ఒక్కటే ఉంది, రొట్టెల బట్టీ. నిన్న మధ్యాహ్నం కాల్చిన వేడి ఇటుకల్లో ఇంకా గోరువెచ్చగా మిగిలింది. ఎబెన్‌ని కాళ్ల వైపు నుంచి లోపలికి తోసింది.

"శవపేటిక కన్నా బాగుందే," అన్నాడు వాడు జ్వరంలో నవ్వుతూ.

"నోర్ముయ్. చచ్చినా దగ్గకు."

చెక్క తలుపు ఆనించి, చేతులు తుడుచుకునేలోపే వీధి తలుపు దబదబలాడింది.

సార్జెంట్ క్రోలీ, వెనక ఇద్దరు సిపాయిలు, వాళ్ల వెనక ట్రిప్. క్రోలీ బొద్దుగా ఉంటాడు, తీరిగ్గా మాట్లాడతాడు. అలాంటివాళ్లంటేనే టేసీకి ఎక్కువ భయం.

"ఏం రొట్టెలమ్మా, ఈ రోజు మీ దేవుడు సెలవిచ్చాడా పొయ్యికి?"

"చలిగా ఉంది దొరా."

"పంతొమ్మిది డిసెంబర్లు చలి లేదా?" అన్నాడు ట్రిప్. "ఓడ మీంచి పారిపోయినవాడి ఇంటిపేరు నేనడిగి తెలుసుకున్నాను సార్జెంట్. ఈవిడ పుట్టింటి పేరే."

సిపాయిలు అటకెక్కారు. పిండి బస్తాలని బాయినెట్లతో పొడిచారు. పరుపు చీల్చారు. పొడిచిన ప్రతి చప్పుడుకీ టేసీ వెన్నులో ఆ మొన దిగుతోంది. దొరికితే తమ్ముడికి ఉరి, దాచినందుకు ఆమెకీ అదే.

"ఏమీ లేదు సార్," అన్నాడు ఒక సిపాయి.

"మరి పొయ్యి ఎందుకు రాజేశావ్?" క్రోలీ గొంతు తగ్గింది. తగ్గిన గొంతు ఇంకా భయంకరంగా ఉంది.

ఏదో ఒకటి చెప్పాలి. నోటికొచ్చింది చెప్పేసింది. "మీ దళానికి రొట్టె కావాలంటున్నారు కదా. నాకూ నాలుగు డబ్బులొస్తాయని... బట్టీ రాజేద్దామనే నిప్పు చేశాను. మా వాళ్లకి తెలిస్తే చంపుతారు."

క్రోలీ మొహం వికసించింది. "ఓహో! ఈ మాట ముందే చెప్పొచ్చుగా! మా వాళ్లు తిండి లేక తోళ్లు నములుతున్నారు. కానీ మరి, అరవై రొట్టెలు. ఒరేయ్, ఆ చితుకుల మోపు బట్టీలో పడేసి అంటించరా."

సిపాయి మోపు ఎత్తాడు.

 టేసీ అబద్ధమే ఆమె తమ్ముడి చితి పేరుస్తోంది. "నేనే రాజేస్తాను దొరా, మీరెళ్లండి" అనబోయింది.  ఆలోగా సిపాయి బట్టీ వైపు మూడడుగులు వేశాడు. నాలుగో అడుగు వేస్తుండగా గుమ్మంలోంచి ఒక గొంతు ఉరిమింది.

"టేసీ! ఎవరమ్మా నీ ఇంట్లో ఈ రోజు నిప్పు చేసింది?"

సంఘపెద్ద ఆమోస్ బ్లివెన్. ఎనభై దాటిన మనిషి, జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదని పేరు. విశ్రాంతి దినం మీరినవాళ్ల ఇంటికి సంఘపెద్ద వెళ్లి మందలించడం వాళ్ల ఆచారం. పొగ ఆయనకీ కనిపించింది.

"నేనే పెద్దయ్యా."

"ఇంకా రాజేస్తారా? బట్టీ కూడానా?" ముసలాయన సిపాయిని పక్కకి నెట్టి, బట్టీ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. "పొద్దు గుంకేదాకా ఇందులో నిప్పు పడదు. పడాలంటే ముందు నన్ను కాల్చండి."

"తాతా, తప్పుకో," అన్నాడు క్రోలీ. "గడ్డం అంటుకుంటుంది."

"అంటుకోనీ నాయనా. అరవై ఏళ్లు పెంచాను, ఒక్క పూటకి మండనీ."

సిపాయిలు నవ్వారు. సరిగ్గా అప్పుడే టేసీ చూసింది. ముసలాయన వీపు వెనక చెక్క తలుపు కదిలింది. లోపల జ్వరం తలకెక్కి ఎబెన్ చేతులతో నెడుతున్నాడు. ఆయన కోటు వెనక నుంచి ఒకసారి పొంగింది. మళ్లీ పొంగింది.

బ్లివెన్ కళ్లు ఆమె కళ్లతో కలిశాయి.  ఆయన మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. మడమలు నేలకి తన్ని, వీపు ఇంకా గట్టిగా ఆనించాడు.

క్రోలీ తల వంచి చూశాడు. "అంత అతుక్కుపోయావేంటి? ఏముంది తాతా అందులో?"

ఆయన అబద్ధమాడడు. ఆ సంగతి ఆ గదిలో ట్రిప్‌తో సహా అందరికీ తెలుసు.

"అందులో ఈ రోజు రొట్టె లేదు," అన్నాడు బ్లివెన్ నిదానంగా. "నిప్పూ లేదు. పొద్దు గుంకేదాకా ఉండదు. దేవుడి రోజున ఒక ముసలాణ్ని ఈడ్చి పారేశారని రేపు ఊరంతా చెప్పుకుంటుంది. మీ జనరల్‌గారికీ చెప్పుకుంటుంది. ఈడ్చండి మరి."

క్రోలీ ఆయన్ని చాలాసేపు చూశాడు. టేసీ ఊపిరి లెక్కపెట్టుకుంది. పదకొండో ఊపిరికి సార్జెంట్ నవ్వేశాడు.

"ఈ ముసలాడితో కన్నా వాషింగ్టన్‌తో పోరు నయం. రొట్టెలమ్మా, రేపు పొద్దున అరవై. ఒకటి తగ్గినా నీ ఇంటి దూలాలు మా చలిమంటకి."

వాళ్లు వెళ్లారు. ట్రిప్ గుమ్మం దాటుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. అడుగుల చప్పుడు వీధి మలుపు దాటేదాకా బ్లివెన్ కదల్లేదు. కదిలాక కూడా వెనక్కి తిరగలేదు.

"నేను చూడలేదు తల్లీ. నువ్వు చెప్పొద్దు. రేపు ప్రమాణం చేయించి అడిగితే చూసింది చెప్పేస్తాను, నా సంగతి నీకు తెలుసు."

"తెలుసు పెద్దయ్యా."

"కానీ పొయ్యి పొగ సంఘమంతా చూసింది. వచ్చే శనివారం అందరి ముందూ అడుగుతాను. అడక్క తప్పదు."

"అడగండి."

మసక వేళకి సైమన్ పడవ వచ్చింది. ఎబెన్‌ని ఎండ్రకాయల బుట్టల కింద పడుకోబెట్టి అవతలి ఒడ్డుకి పంపింది. ఆ తర్వాత తెల్లవారేదాకా అరవై రొట్టెలు కాల్చింది.

శనివారం వచ్చింది. ప్రార్థన మందిరంలో వెనక బల్ల మీద ఓబెద్ ట్రిప్ కూర్చున్నాడు. అతను ఆ సంఘం మనిషి కాదు. ఎందుకొచ్చాడో ఆమెకి తెలుసు. సార్జెంట్‌కి చెప్పిన కారణం, దేవుడి ఎదుట చెప్పే కారణం ఒకటేనో కాదో వినడానికి.

బ్లివెన్ లేచాడు. "సోదరి టేసీ బర్డిక్. విశ్రాంతి దినాన నిప్పు ఎందుకు చేశావు?"

"రాజుగారి దళానికి రొట్టె అమ్ముకుందామని." వెనక బల్ల వైపు చూడకుండా అంది. "డబ్బుకి ఆశపడి."

బల్లల మధ్య గుప్పున గుసగుస లేచింది. ఆ సంఘంలో నలుగురి కొడుకులు ఆ రాజు మీద పోరాడే అమెరికా సైన్యంలో ఉన్నారు.

 బ్లివెన్ ఒక్కడికే తెలుసు అది అబద్ధమని. "పశ్చాత్తాపపడుతున్నానని చెప్పు తల్లీ. చాలు, క్షమిస్తాం."

ఒక్క మాట. అనేస్తే అయిపోతుంది. కానీ మరుగుతున్న ఆ నీళ్లు, టకటకలాడే ఆ పళ్లు కళ్ల ముందుకొచ్చాయి. మళ్లీ అలా జరిగితే మళ్లీ రాజేస్తుంది. ట్రిప్‌తో ఎన్ని అబద్ధాలైనా ఆడగలదు. కానీ పశ్చాత్తాపం చెప్పుకోవాల్సింది దేవుడికి.

"పడట్లేదు," అంది.

ముసలాయన కళ్లు మూసుకున్నాడు. సంఘం నుంచి వెలివేసినట్టు చదివాడు. మధ్యలో రెండుసార్లు ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె నడుస్తుంటే పక్క బల్లల మీది ఆడవాళ్లు తమ పావడాలు వెనక్కి లాక్కున్నారు. తనతో కలిసి బాప్తిస్మం తీసుకున్న స్నేహితురాలు మొహం తిప్పుకుంది.

బయట మంచులో వెనక నుంచి గబగబా అడుగులు. 

"చెల్లెమ్మా!" ట్రిప్ రొప్పుతూ వచ్చి పక్కన నడవసాగాడు. మొహమంతా నవ్వు. "నిన్నెంత అనుమానించాను! ఇంతకీ నువ్వు మా మనిషివేనన్నమాట. ఇక మీదట వీళ్ల గుట్లేమైనా నీ చెవిన పడితే నాకో మాట చెప్పు, ఏం?"

వీధి చివర సముద్రం, దాని అవతల తమ్ముడు. ఆమె అటు చూడలేదు.

"తప్పకుండా అన్నయ్యా," అని నవ్వి, అతని పక్కనే నడిచింది.